చిన్న తెర - నిండు పుట

నేటి విద్యార్థి చేతిలోని ఫోను తెరవగానే వార్తాపత్రిక, గ్రంథాలయం, రైళ్ల సమయాల పట్టిక, పరీక్షా ఫలితాలు కన్నులముందు నిలుస్తాయి. ఫోను శక్తి పెరిగినందువల్ల ఈ సౌకర్యం తనంత తానుగా సమకూరిందని చాలామంది భావిస్తారు. ఆ భావన పూర్తిగా సరైనది కాదు. ఫోనులు ఇంకా బలహీనంగా ఉన్న రోజుల్లోనే, వాటి తెరలు అగ్గిపెట్టె పరిమాణాన్ని మించని రోజుల్లోనే ఒక ప్రశ్నకు సమాధానం తేల్చవలసి వచ్చింది. చిన్న ఫోను గలవారికి అందవలసినది లోకమంతా చదివే వెబ్ పుటయేనా, లేక వారికోసం వేరుగా తయారుచేసిన నాలుగు ముక్కలా? ఫోను బ్రౌజరు తొలినాటి చరిత్ర చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

వెబ్ పుటలను తెచ్చి, వాటిలోని సంకేతాలను గ్రహించి, అక్షరాలుగా, బొమ్మలుగా తెరమీద పరిచే సాఫ్ట్‌వేరే బ్రౌజరు. తెలుగులో దానికి ‘విహారిణి’ అని పేరు పెట్టినవారున్నారు. పేరు అందమైనదే కాని జనం నోట బ్రౌజరు అన్న మాటే నిలిచింది. స్విట్జర్లాండులోని జెనీవా నగరం వద్ద ఉన్న సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1990 చివరిలో తొలి బ్రౌజరును రూపొందించాడు. ఆయన నిర్మించిన హెచ్.టి.ఎమ్.ఎల్. భాషలో ఒక గొప్ప సుగుణం ఉంది. ఏది శీర్షిక, ఏది పేరా, ఏ మాటను నొక్కితే మరొక పుట తెరుచుకోవాలి అన్నది ఆ భాష చెబుతుంది. పుట వెడల్పు ఇంత ఉండాలని శాసించదు. నీరు పాత్రను బట్టి ఒదిగినట్లు పుట తెరను బట్టి ఒదగాలన్నది దానిలోని అంతరార్థం.

1993లో మొజాయిక్ అనే బ్రౌజరు అక్షరాల నడుమనే బొమ్మలను చూపడంతో వెబ్‌కు జనాదరణ పెరిగింది. ఆ ఆదరణతోపాటే ఒక దోషమూ ప్రవేశించింది. పుటలు తీర్చిదిద్దేవారు తమ బల్లమీది తెరనే ప్రపంచమనుకున్నారు. పిక్సెల్ అనే చుక్కలు అడ్డంగా 640 ఉండాలని, తరువాత 800 ఉండాలని లెక్కగట్టి, పట్టికలలో బిగించి పుటలను అల్లారు. ఏ తెరమీదనైనా ఒదగవలసిన వెబ్ కంప్యూటరు బల్లకు కట్టుబడిపోయింది. చిన్న ఫోనుకు ఎదురైన కష్టంలో సగం ఫోనుది కాదు, ఈ అలవాటుది.

అరచేతి పరికరంలో వెబ్‌ను చూడాలన్న ప్రయత్నం త్వరగానే మొదలైంది. జర్మనీలోని కార్ల్‌స్రూహె విశ్వవిద్యాలయంలో 1994లోనే ఆపిల్ సంస్థవారి న్యూటన్ అనే చేతి పరికరానికి ‘పాకెట్‌వెబ్’ అనే బ్రౌజరు తయారైంది. 1996లో ఫిన్లాండుకు చెందిన నోకియా సంస్థ 9000 కమ్యూనికేటర్ అనే ఫోనును విడుదల చేసింది. పుస్తకంలా తెరిస్తే లోపల మీటల పలక, 640 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు గల రంగులేని తెర, దానితోపాటు ఒక వెబ్ బ్రౌజరు. బరువు దాదాపు 400 గ్రాములు. ఆనాటి సెల్‌ఫోను మార్గంలో సెకనుకు 9,600 బిట్ల సమాచారం మాత్రమే ప్రవహించేది. వంద కిలోబైట్ల పుట రావడానికి నిమిషంన్నరకు దగ్గర పట్టేది. అంతసేపూ ఫోను మాట్లాడుతున్నట్లే లెక్క. నిమిషాల చొప్పున రుసుము పడుతూనే ఉండేది.

ఇట్టి పరిస్థితులలో పుట్టినదే వ్యాప్. 1997లో ఎరిక్‌సన్, మోటరోలా, నోకియా, అన్‌వైర్డ్ ప్లానెట్ అనే నాలుగు సంస్థలు కలిసి ఏర్పరచుకొన్న వేదిక దీనిని రూపొందించింది. 1998లో తొలి ప్రమాణం వెలువడింది. మరుసటి ఏడు నోకియా 7110 ఫోను దానిని జనం చేతికి తెచ్చింది. వ్యాప్ హెచ్.టి.ఎమ్.ఎల్. భాషను పక్కకు నెట్టి డబ్ల్యు.ఎమ్.ఎల్. అనే వేరొక భాషను ప్రవేశపెట్టింది. అందులో పుటలు లేవు. పేకముక్కల కట్టలాగా ‘కార్డు’లు ఉంటాయి. ఒక కార్డు చదివి మీట నొక్కితే తరువాతి కార్డు వస్తుంది. నాలుగైదు పంక్తుల తెరకు, కొద్దిపాటి స్మృతికి అది తగినదే. దానిని తయారుచేసిన ఇంజనీర్లు తెలివితక్కువవారని నిందించడం న్యాయం కాదు.

కాని దోషం వేరొకచోట ఉంది. వ్యాప్ చదువరిని వెబ్ దగ్గరకు తీసుకొనిపోలేదు. వెబ్ పక్కన ఒక చిన్న ఆవరణ కట్టి, అందులో కూర్చోబెట్టింది. ఆ ఆవరణలో ఏమి ఉండాలో చాలాచోట్ల టెలిఫోను సంస్థలే నిర్ణయించాయి. క్రికెట్ స్కోరు, వాతావరణం, రాశిఫలాలు, రింగ్‌టోన్లు, ఇవి ఉండేవి. ఒక విద్యార్థి తనకు కావలసిన పుటకోసం వెదికితే అది డబ్ల్యు.ఎమ్.ఎల్. భాషలో మళ్లీ రాసి ఉంటేనే సరిగా తెరుచుకొనేది. కోట్ల పుటలను ఎవరు తిరగరాస్తారు? ‘ఇంటర్నెట్ మీ జేబులో’ అన్న ధోరణిలో ప్రకటనలు గుప్పించినవారు ఈ ప్రశ్న వేసుకోలేదు. జేబులోకి వచ్చినది ఇంటర్నెట్ కాదని జనం త్వరలోనే గ్రహించారు. 2002 నాటి వ్యాప్ రెండవ ప్రమాణం వేరు భాషను సడలించి తిరిగి హెచ్.టి.ఎమ్.ఎల్. కుటుంబంలోకి చేరడం ఆ తప్పు తెలిసివచ్చిందనడానికి నిదర్శనం.

చిన్న ఫోనుకు చిన్న పుట ఇవ్వడం అన్నివేళలా విఫలమవుతుందని దీని భావం కాదు. జపాన్‌లో ఎన్.టి.టి. డొకొమో సంస్థ 1999 ఫిబ్రవరిలో ‘ఐ-మోడ్’ సేవను ప్రారంభించి అద్భుతమైన ఆదరణ పొందింది. అది కొత్త భాషను కనిపెట్టలేదు. హెచ్.టి.ఎమ్.ఎల్.లో నుంచి చిన్న ఫోను మోయగలిగినంత భాగాన్ని మాత్రమే తీసుకొంది. వెబ్ పుట రాయడం తెలిసినవారు ఐ-మోడ్ పుటను కూడా సులువుగా రాయగలిగేవారు. రుసుమును నిమిషాల చొప్పున కాక, వచ్చిన సమాచారం పరిమాణాన్ని బట్టి వసూలు చేసింది. ఫోను పట్టుకొని ఆలోచిస్తూ కూర్చున్నా ఖర్చు పెరగదు. చదువరి నిదానంగా చదవగలిగాడు. వ్యాప్ ఓడినచోట ఐ-మోడ్ గెలవడానికి తెర పరిమాణం కారణం కాదన్నది స్పష్టం. అయినా ఐ-మోడ్ కూడా ప్రధానంగా తన ఆవరణకు పరిమితమైనదే. లోకంలోని పెద్ద పుటలను ఉన్నవి ఉన్నట్లుగా చిన్న తెరమీదికి తేవడం దాని లక్ష్యం కాదు.

ఆ పని నార్వే దేశంలో జరిగింది. అక్కడి టెలినార్ టెలిఫోను సంస్థ పరిశోధన విభాగంలో 1994లో యోన్ స్టీఫెన్‌సన్ ఫాన్ టెట్ష్నర్, గైర్ ఇవర్‌సోయ్ అనే ఇద్దరు ఒక బ్రౌజరు నిర్మాణానికి పూనుకొన్నారు. 1995లో వారు బయటకు వచ్చి ఒపెరా సాఫ్ట్‌వేర్ అనే సంస్థను స్థాపించారు. మైక్రోసాఫ్ట్, నెట్‌స్కేప్ అనే రెండు మహా సంస్థలు బ్రౌజరును నానాటికీ లావెక్కిస్తూ పోటీపడుతున్న కాలమది. ఒపెరా మాత్రం పొదుపును వ్రతంగా పట్టింది. తొలి సంవత్సరాలలో ఆ బ్రౌజరు మొత్తం 1.44 మెగాబైట్ల ఒకే ఒక ఫ్లాపీ డిస్కులో ఇమిడేది. పాత కంప్యూటరు గలవారు కూడా వాడగలగాలన్నది వారి పట్టుదల. ఆ పొదుపే తరువాత ఫోనులోకి దారిచూపింది. 2000లో బ్రిటన్‌కు చెందిన సయాన్ చేతి కంప్యూటర్లకు ఒపెరా వచ్చింది. ఆ కంప్యూటర్లను నడిపిన ఈపాక్ వ్యవస్థే సింబియన్‌గా మారి నోకియా ఫోన్లకు ప్రాణమైంది.

ఫోనులో చేరినంతమాత్రాన చదవడం సాధ్యం కాలేదు. ఆనాటి నోకియా సింబియన్ ఫోను తెర వెడల్పు 176 చుక్కలు. 800 చుక్కల పుటను దానిలో చూడడమంటే తలుపు సందులోంచి పెళ్లిపందిరి చూడడమే. ప్రతి పంక్తికీ కుడికి జరిపి, మళ్లీ ఎడమకు లాగవలసి వచ్చేది. 2002లో ఒపెరా ఇంజనీర్లు దీనికి ఒక ఉపాయం చూపారు. పుటలోని పట్టికలను విడదీసి, పక్కపక్కన ఉన్న భాగాలను ఒకదానికింద ఒకటిగా పేర్చి, బొమ్మలను కుదించి, పుటనంతటినీ తెర వెడల్పుగల ఒకే నిలువు వరుసగా మార్చే పద్ధతి అది. పుట రాసినవారు ఏమీ మార్చనక్కరలేదు. చదువరి పైనుంచి కిందికి జరిపితే చాలు. ఇందులో లోపం లేకపోలేదు. పుట ఎడమవైపున ఉండే సూచికల పట్టీ ముందుగా వచ్చి, అసలు వార్త ఎక్కడో కిందికి పోయేది. అయినా ఆ దిశ సరైనది. తిరగరాయవలసిన భారాన్ని పుట నుంచి తప్పించి బ్రౌజరు మీద మోపినది ఆ పద్ధతే.

ఇందులో మరొక వ్యక్తి ప్రమేయం కూడా గమనార్హం. పుటలోని విషయాన్ని ఒకచోట, దాని అలంకరణను వేరొకచోట ఉంచాలని 1994లో సెర్న్‌లో ఉండగా ప్రతిపాదించిన హోకన్ వియమ్ లీ తరువాత ఒపెరాలో సాంకేతిక విభాగానికి నాయకుడయ్యాడు. సి.ఎస్.ఎస్. అని పిలిచే ఆ పద్ధతిలో 1998 నుంచి చేతి పరికరాలకు ప్రత్యేక అలంకరణ రాసే వీలు కూడా ఉంది. పుటలు తీర్చేవారిలో బహుకొద్దిమంది దానిని వాడారు. మంచి మార్గం ఉన్నంతమాత్రాన జనం నడుస్తారనుకోవడం పొరపాటని అది నిరూపించింది.

పై ఉపాయాలన్నీ ఖరీదైన ఫోన్లకే. లోకంలో అత్యధికుల చేతిలో ఉన్నవి జావా ఆటలు ఆడించగల చవక ఫోన్లు. వాటిలో నిజమైన బ్రౌజరును నడిపే శక్తి లేదు. ఒపెరా వారి మేలైన ఆలోచన ఇక్కడే ఉంది. 2005 ఆగస్టులో నార్వేలో ఒక టెలివిజన్ సంస్థ తోడ్పాటుతో ప్రయోగాత్మకంగా, 2006 జనవరి 24న ప్రపంచమంతటికీ వారు ‘ఒపెరా మినీ’ని విడుదల చేశారు. ఇది బ్రౌజరును రెండుగా చీల్చింది. చదువరి చిరునామా ఇవ్వగానే ఆ కోరిక దూరాన ఉన్న ఒపెరా సర్వరుకు చేరుతుంది. సర్వరు అసలు పుటను తెచ్చి, ఆ ఫోను తెరకు తగినట్లు అమర్చి, బొమ్మల బరువు తగ్గించి, గట్టిగా మూటకట్టి పంపుతుంది. ఫోను చేయవలసిన పని మూట విప్పి తెరమీద పరచడమే. పుట బరువు పదోవంతు దాకా తగ్గగలదని సంస్థ చెప్పుకొంది. అన్ని పుటలూ అంతగా తగ్గకపోయినా, కిలోబైట్ల లెక్కన డబ్బు చెల్లించేవారికి ఆ తేడా ప్రతి పుటలోనూ తెలిసివచ్చేది. చవక ఫోను కూడా వెబ్ అంతటినీ చదవగలిగింది.

ఒపెరా మినీని అధికంగా వాడిన దేశాలలో భారతదేశం ఒకటి. తెలుగు చదువరికి దాని ఉపకారం ఇంకొక విధంగా కూడా అందింది. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచే స్థానం ఉంది. కాని సంకేతం ఉండడం వేరు, అక్షరం తెరమీద అమరడం వేరు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్నే తీసుకొంటే అది యూనికోడ్‌లో ఆరు సంకేతాల వరుస. సకారం, తకారం, రేఫ, ఈత్వం, నడుమ రెండు పొల్లులు. వీటిని చదివి, ఏ వత్తు ఎక్కడ చేరాలో, గుడి ఎలా తిరగాలో తెలిసిన వ్యవస్థ ఫోనులో ఉంటేనే అక్షరం నిలుస్తుంది. చవక ఫోన్లలో అట్టి వ్యవస్థ లేదు సరికదా, తెలుగు ఫాంటే లేదు. తెలుగు పుట తెరిస్తే వరుసగా ఖాళీ పెట్టెలు కనిపించేవి.

ఒపెరా మినీలో దీనికి ఒక మరుగు మార్గం ఉండేది. చిరునామా పెట్టెలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేస్తే ఒక అమరికల పట్టిక తెరుచుకొనేది. అందులో సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపవలెనా అన్న అంశం వద్ద ‘అవును’ అని ఎంచుకొంటే సర్వరే తెలుగు అక్షరాలను కూర్చి, బొమ్మలుగా మార్చి పంపేది. ఫోనుకు తెలుగు రాదు. అయినా తెలుగు కనిపించేది. అక్షరాలు కాస్త మసకగా ఉండేవి, డేటా ఖర్చు కూడా కొంత పెరిగేది. అయినప్పటికీ తెలుగు వికీపీడియా వంటి పుటలు వేయి, రెండు వేల రూపాయల ఫోనులో తెరుచుకొన్నాయి. ఆ ఫోను తయారుచేసినవారు తెలుగును పట్టించుకోలేదు. ఎక్కడో ఉత్తర ధ్రువానికి దగ్గరి దేశంలో రూపొందిన బ్రౌజరు పట్టించుకొంది. ఒక భాష చదువరులకు ఉపకారం చేయడానికి ఆ భాష వచ్చినవారే కానక్కరలేదు. అక్షరం అందనివారు కూడా చదువరులేనన్న గుర్తింపు ఉంటే చాలు. అయితే ఆ అమరికను బాహాటంగా ముందు ఉంచక పట్టిక చాటున దాచడం మాత్రం మెచ్చదగినది కాదు. తెలిసిన స్నేహితుడు చెబితే తప్ప ఎందరికో దాని జాడ తెలియలేదు.

ఇంత మేలులోనూ ఒక కీడు దాగి ఉంది. చదువరికీ, పుటకూ మధ్య మూడవవాడు నిలిచాడు. బ్యాంకు పుట తెరిచినప్పుడు రహస్య సంకేతాలలో వచ్చిన సమాచారాన్ని ఒపెరా సర్వరు విప్పి, చదివి, మళ్లీ మూసి ఫోనుకు పంపవలసిందే. ఆ పని చేయకుండా పుటను కుదించడం సాధ్యం కాదు. వ్యాప్‌లోనూ టెలిఫోను సంస్థ ద్వారం వద్ద ఇదే జరిగేది. దానిని భద్రతా నిపుణులు ‘వ్యాప్ సందు’ అని విమర్శించారు. ఒపెరా సంస్థ ఈ విషయాన్ని దాచలేదు. సంపూర్ణ గోప్యత కావలసినవారు పూర్తి బ్రౌజరునే వాడాలని తానే చెప్పింది. అయితే పూర్తి బ్రౌజరును మోయగల ఫోను కొనలేనివారికి ఆ సలహా ఏపాటి? పేదవాని ఉత్తరం విప్పి చదవబడుతుంది, ధనికుని ఉత్తరం మూసినది మూసినట్లే చేరుతుంది అన్నట్లు అయింది. ఒపెరా మినీని కీర్తించేవారు ఈ అంశాన్ని దాటవేయడం సమంజసం కాదు. అది లేకుంటే ఆ చదువరికి ఉత్తరమే అందేది కాదన్నది కూడా అంతే నిజం. ఈ రెండు నిజాలలో రెండవదే బరువైనదని అంగీకరించక తప్పదు.

ఈలోగా మరొక దారి కూడా సిద్ధమవుతోంది. కె.డి.ఇ. అనే స్వచ్ఛంద సాఫ్ట్‌వేరు బృందం రూపొందించిన కె.హెచ్.టి.ఎమ్.ఎల్. యంత్రాన్ని తీసుకొని ఆపిల్ సంస్థ వెబ్‌కిట్‌గా మలచింది. 2005లో నోకియా ఆ వెబ్‌కిట్‌నే తన ఫోన్లకు ఎంచుకొంది. నోకియా బ్రౌజరులో పుటను జరుపుతున్నప్పుడు పుటంతటి చిన్న నమూనా తెరమీద మెరిసి, చదువరి ఎక్కడ ఉన్నాడో తెలిపేది. 2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోనును ప్రదర్శించి, 320 చుక్కల వెడల్పు తెరమీద న్యూయార్క్ టైమ్స్ పుటను నిండుగా చూపి, వేలితో రెండుసార్లు తట్టి ఒక వార్తను పెద్దది చేశాడు. ఫోను బ్రౌజరు చరిత్ర ఆ రోజుతోనే మొదలైందని పలువురు రాస్తారు. వేలి స్పర్శతో పుటను జరపడం, పెంచడం అంత సహజంగా అంతకుముందు లేదన్నది వాస్తవం. కాని నిండు పుట ఫోనుకు చెల్లుతుందన్న వాదం అప్పటికే గెలిచింది. చవక ఫోను చేతబట్టిన లక్షలాదిమంది దానిని ఏడాది ముందే అనుభవించారు.

వేరు ఆవరణ కట్టాలన్న ఆలోచన మాత్రం సులభంగా చావలేదు. ఫోనులకోసం ‘.మోబి’ అనే ప్రత్యేక చిరునామా వర్గం కావాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు 2004లో బెర్నర్స్-లీ దానిని వ్యతిరేకించాడు. ఒక పుట ఏ పరికరంలో చదువుతున్నామన్న దానిని బట్టి చిరునామా మారితే, కంప్యూటరులో చూసినవాడు స్నేహితునికి పంపిన చిరునామా ఫోనులో చెల్లదు. ఇది పైకి చిన్న చిక్కుగా తోచవచ్చు. కాని ఒకే పుటను అందరూ చదవగలగడమే వెబ్‌కు ఆయువుపట్టు. ఆయన మాట తోసిపుచ్చి ‘.మోబి’ అమలులోకి వచ్చింది, పెద్దగా రాణించలేదు. ఒకే పుట ఏ తెరకైనా తగినట్లు సర్దుకొనేలా రాసే పద్ధతిని 2010లో ఈథన్ మార్కాట్ అనే రూపకర్త ఒక వ్యాసంలో వివరించాడు. అందులో వాడిన పనిముట్టు సి.ఎస్.ఎస్. హోకన్ వియమ్ లీ నాటిన మొక్కకు పదహారేళ్ల తరువాత కాసిన కాయ అది.

ఒపెరా తన సొంత యంత్రాన్ని 2013లో విడిచిపెట్టి ఇతరుల యంత్రానికి మారింది. ఆ సంస్థ బ్రౌజరు విభాగం 2016లో చైనా సంస్థల కూటమి చేతికి పోయింది. గూగుల్ క్రోమ్ బ్రౌజరులో సర్వరు సాయంతో డేటా ఆదా చేసే సదుపాయం కొన్నేళ్లు నడిచి 2022లో ఆగిపోయింది. డేటా చవకైనది, ఫోన్లు బలపడినవి, ఇక పొదుపు ఎందుకన్నది దాని వెనుక ఉన్న వాదం. నగరంలో కొత్త ఫోను గలవారి విషయంలో అది నిజమే. పాత ఫోను, బలహీనమైన సిగ్నలు గల పల్లెలో అది నిజం కాదు. 2022 నాటి లెక్కల ప్రకారం ఫోనులో తెరుచుకొనే సగటు స్థాయి పుట బరువు రెండు మెగాబైట్లు. 1996 నాటి నోకియా ఫోనులో ఆ ఒక్క పుట రావడానికి సుమారు అరగంట పడుతుంది. ఒకే ఫ్లాపీ డిస్కులో ఇమిడిన నాటి ఒపెరా బ్రౌజరు మొత్తం కలిపినా ఆ ఒక్క పుటంత బరువు తూగదు.